తలకు దెబ్బ: ముందు అడగాల్సింది వయసు

మిర్చి కోతల కాలంలో కోంట, చింతూరు వైపు నుంచి ఖమ్మం చేలకు కూలీలు ట్రాలీ ఆటోల్లో, ట్రాక్టర్లలో కిక్కిరిసి వస్తారు. చంటిపిల్లలు, పడుచువాళ్లు, ముసలివాళ్లు అంతా ఒకే బండిలో ఉంటారు. అలాంటి బండి బోల్తా పడితే తగిలేది ఒకే దెబ్బ కావచ్చు, కానీ ఏ మెదడు దాన్ని ఎలా తట్టుకుంటుందన్నది వయసును బట్టి మారిపోతుంది. మన అత్యవసర వైద్యం ఈ తేడాకు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వడం లేదు.

తల గాయం తీవ్రతను ఇప్పటికీ గ్లాస్గో కోమా స్కేలుతోనే కొలుస్తారు. 1974లో టీస్‌డేల్, జెనెట్ దాన్ని ప్రపంచం ముందు పెట్టారు. కళ్లు తెరుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, కాళ్లూచేతులూ కదుపుతున్నాడా చూసి 3 నుంచి 15 వరకు అంకె వేస్తారు. ముసలివాళ్ల విషయంలో ఈ అంకె మోసం చేస్తుంది. వయసుతోపాటు మెదడు కుంచించుకుపోయి పుర్రె లోపల ఖాళీ పెరుగుతుంది. కారిన రక్తం ఆ ఖాళీలో చేరుతుంది కాబట్టి మెదడు మీద ఒత్తిడి వెంటనే పడదు. ముసలమ్మ చక్కగా మాట్లాడుతుంది, 15కి 15 వస్తాయి, ఇంటికి పంపేస్తారు.

అసలు ప్రమాదం ఆ తర్వాతే. కుంచించుకుపోయిన మెదడు పైపొరల మధ్య సిరలు సాగి ఉంటాయి. వాకిట్లో జారిపడినా తెగుతాయి. గుండెకోసం రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముప్పు ఇంకా ఎక్కువ. రెండు మూడు వారాలకు నడక తూలుతుంది, మాట తడబడుతుంది, ఒక చెయ్యి పట్టు తప్పుతుంది. ‘వయసు మీద పడింది’ అంటారు, లేదా పక్షవాతమని నాటుమందుకు తీసుకెళతారు. నెల కిందట పడిన సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. సకాలంలో స్కాన్ తీసి, పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి ఆ రక్తాన్ని తీసేస్తే చాలామంది మళ్లీ లేచి తిరుగుతారు. తేలిగ్గా నయమయ్యేదాన్ని ముసలితనం ఖాతాలో రాసేయడం నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది.

పడుచువాళ్లలో కథ గంటల్లోనే తేలిపోతుంది. బైకు మీంచో జీలుగు చెట్టు మీంచో పడినవాడు కాసేపు బాగానే మాట్లాడి, తర్వాత స్పృహ తప్పవచ్చు. కల్లు వాసన వస్తే ‘తాగి పడుకున్నాడు’ అనుకుని వదిలేస్తారు. ఆ నిద్రలోనే ప్రాణం పోతుంది.

పసివాడైతే త్వరగా కోలుకుంటాడన్న నమ్మకం వైద్యుల్లోనూ చాలాకాలం ఉండేది. 1930ల్లో మార్గరెట్ కెన్నార్డ్ కోతులపై చేసిన ప్రయోగాలు దానికి ఊతమిచ్చాయి. గాయం మెదడులో ఒక్కచోటకే పరిమితమైతే అందులో కొంత నిజముంది. మెదడంతా కుదుపుకు గురైతే మాత్రం పసితనమే శాపమవుతుంది, ఇంకా నేర్చుకోని విద్యలే దెబ్బతింటాయి. వారంలో ఇంటికొచ్చిన పిల్ల రెండేళ్ల తర్వాత ఆశ్రమ పాఠశాలలో పాఠం అందుకోలేకపోతే సోమరిదంటారు. పాత గాయాన్ని ఎవరూ తలచుకోరు.

ఇక దూరం. భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైమాటే, మెదడు శస్త్రచికిత్సకు అంత దూరమూ పోవాల్సిన రోగులున్నారు. అంత దూరం చేరేలోపే ఇవ్వగల మందొకటి ఉంది. 29 దేశాల్లో 12 వేలకు పైగా రోగులతో జరిపిన క్రాష్-3 పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. గాయమైన మూడు గంటల్లోపు ట్రనెక్సామిక్ యాసిడ్ ఇస్తే, స్వల్ప, మధ్యస్థ గాయాలున్నవారిలో మరణాలు తగ్గాయి. ప్రసవం తర్వాత రక్తస్రావం ఆపడానికి వాడే చవక మందే అది. ఏజెన్సీలో ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి 108 వాహనంలో ఉండాలి.

కెనడా వైద్యులు 2001లో రూపొందించిన నియమం ప్రకారం, దెబ్బ తగిలి కాసేపైనా స్పృహ తప్పినవారికి 65 ఏళ్లు నిండితే చాలు, స్కాన్ తీయాల్సిందే. ఆ పని మనమూ చేయాలి. అయితే స్కాన్‌తో పని అయిపోదు. పడిన ముసలివాళ్లను ఆశా కార్యకర్త ఆరు వారాలపాటు చూసి రావాలి. ఇక్కడే సరిహద్దు అడ్డొస్తుంది. 2014లో ఎటపాక, చింతూరు, కూనవరం ఆంధ్రలో కలిశాయి, ఆసుపత్రి ఉన్న భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది, కోంట ఛత్తీస్‌గఢ్‌ది. చికిత్స ఒక రాష్ట్రంలో, ఇల్లు ఇంకో రాష్ట్రంలో. డిశ్చార్జి చీటీలో రోగి వయసు, పడిన తేదీ, ఏ లక్షణం కనిపిస్తే వెనక్కి రావాలో తెలుగులో, కోయలో, హిందీలో రాసి, ఒక ప్రతిని ఆ ఊరి ఆశాకు చేర్చే ఏర్పాటును మూడు ప్రభుత్వాలూ కలిసి కూర్చుని తేల్చాలి.