రెంటికీ చెడ్డది ఎవరు?

భాష వేరైన సంబంధం మాట రాగానే మన సరిహద్దు ఊళ్లలో పెద్దలు ఒకే సామెత తీస్తారు: రెంటికీ చెడ్డ రేవడి. అమ్మది ఒక భాష, నాన్నది మరొకటి అయితే పిల్లలు ఎటూ కాకుండా పోతారట. ఊరిమీద మమకారం నిలవక చివరికి దేశాలు పట్టిపోతారట. చదువుకున్నవాళ్లు కూడా దీనికి తలూపడమే విడ్డూరం.

వేప్పనపల్లినే తీసుకోండి. ఉన్నది తమిళనాడులో, కూతవేటులో కుప్పం, ఆ పక్క కోలారు సీమ. మామిడికాయల రోజుల్లో బేరం తెలుగులో సాగుతుంది, చీటీ తమిళంలో రాస్తారు, బెంగళూరు వ్యాపారితో ఫోను కన్నడంలో. ఇక్కడ పెరిగిన పిల్లవాడు మూడు చోట్లా నెగ్గుకొస్తాడు. వాడికి తెలుగు చదవడం రాలేదంటే కన్నడం మాట్లాడే తల్లిని తప్పుపట్టడం అన్యాయం. 2006 నాటి తమిళనాడు చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఇంటి భాష ఐచ్ఛికమై, మార్కుల పరుగులో వెనకబడింది.

భాషలు కలవని ఇళ్లలో మాత్రం భాష పదిలంగా ఉందా? మలేసియాలో పెరాక్ రాష్ట్రపు బగాన్ దాతుక్ ప్రాంతానికి మనవాళ్లు తోటపనికి వెళ్లారు. తోటల్లో తెలుగు బడులు ఉండేవి. అవి మూతపడ్డాక, తల్లీతండ్రీ ఇద్దరూ తెలుగువాళ్లైన ఇళ్లలోనూ తెలుగు సన్నగిల్లింది. ఆ నేరాన్ని ఏ చీనా కోడలి నెత్తిన రుద్దగలం?

ఇక మమకారం లేక దేశాలు పట్టిపోతారన్న మాట. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన ప్రభుత్వం చైనా మూలాలున్న సుమారు 3,000 మందిని పట్టి రాజస్థాన్‌లోని దేవ్లీ శిబిరంలో నిర్బంధించింది. వాళ్లలో ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు, భారత పౌరులు ఉన్నారు. తాతల్లో ఒక్కరు చైనా పౌరుడైనా అనుమానానికి అదే చాలింది. విడుదలయ్యాక తిరిగొస్తే ఇల్లూ వ్యాపారమూ చేజారిపోయినవాళ్లు ఎందరో. అలా చాలామంది కెనడా చేరారు. వెళ్లగొట్టినవాళ్లే వెళ్లినవాళ్లకు మమకారం లేదనడం దొంగే దొంగ అని అరిచినట్టుంది.

ఫారంలో ఒకే జాతి, ఒకే భాష రాసే గడి పెట్టి, అందులో పట్టని బిడ్డను చెడినవాడంటున్నాం. పెద్దలారా, పెళ్లిచూపుల్లో పిల్ల ఇంటి భాష ఆరా తీయడం చాలించండి. మీ ఊరి బడిలో తెలుగు చెప్పే టీచరు ఉన్నారో లేదో ముందు ఆరా తీయండి.