చెక్కిలికి రొమ్ముకండరము

నోటి క్యాన్సరును కోసి తీసివేసిన పిమ్మట చెక్కిలిలో మిగులు గుంతను దేనితో పూడ్చవలెననునది, కణితిని కోయుటకంటె తక్కువ ప్రశ్న యేమియు కాదు. దవడలో పొగాకు ముద్ద పెట్టుకొని పనికి పోవు అలవాటు స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపట్ల పల్లెలలోను, అటు మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములందును నేటికిని కలదు. గుట్కాయు, జర్దాయు, అంబరును, నిషేధపుటుత్తర్వులెన్ని వెలువడినను, పాన్‌డబ్బాల వెనుకనుండి చేతికి వచ్చుచునే యున్నవి. ఆ ముద్ద నిలిచిన చోటనే తెల్లని మచ్చగనో మానని పుండుగనో రోగము మొదలగును. చూపించుకొనుట ఆలసించిన కొలది కోత లోతై, తుదకు దవడయెముకను, బయటి చర్మమును గూడ తీయవలసివచ్చును. ఆ గుంత సరిగా పూడనిచో త్రాగిన గంజి మెడమీదికి కారును; లాలాజలపు తడికి మెడలోని పెద్ద ధమని గోడ చివికి, క్షణములలో ప్రాణము పోవుటయు కలదు.

ఈ గుంతకు రొమ్ముమీది పెద్ద కండరమును, వైద్యులు పెక్టొరాలిస్ మేజర్ అను దానిని, పైచర్మముతో సహా ఎత్తి, మెడమీదుగా త్రిప్పి అతుకు విధానమును 1979లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యుడు స్టీఫెన్ ఏరియన్ ప్రకటించెను. అంతకు మునుపు 1965లో బకాంజియన్ అను వైద్యుడు రొమ్ముపైని చర్మమును భుజమువరకు ఎత్తి వాడు మార్గమును చూపియుండెను గాని, అది సాధారణముగా రెండు విడతల పని. నడుమ కొన్ని వారములపాటు రోగి చర్మపు తొడిమను బయట వ్రేలాడదీసికొని యుండవలసినదే. ఏరియన్ పద్ధతిలో కోతయు పూడికయు ఒక్క పూటలోనే ముగియును.

దీని రహస్యమంతయు రక్తప్రసారమున నున్నది. చంకలోని ధమని నుండి పుట్టి, కంటెయెముక క్రింది పొరను చీల్చుకొని వెలువడు థొరాకోఅక్రోమియల్ ధమని, తన రొమ్ముశాఖను పెద్దకండరమునకు చిన్నకండరమునకు నడుమగా దింపి, పెద్దకండరపు లోపలి ముఖముననే నడిపించును. ఇది ప్రధానపోషణ. ప్రక్కనుండి పార్శ్వవక్షోధమనియు, రొమ్ముటెముక అంచున పక్కటెముకల సందులనుండి అంతర్వక్షోధమని యొక్క చిన్న శాఖలును వచ్చి దీనికి తోడగును. ఒక ప్రధాననాళమును, పెక్కు చిన్ననాళములును గల యీ అమరికను మాథెస్, నహాయి అను వైద్యులు 1981లో తమ వర్గీకరణమున అయిదవ తరగతి యందు చేర్చిరి. రెండు దిక్కులనుండియు రక్తమందుటచేత, ఒక దిక్కు తెగినను రెండవది కండరమును బ్రతికింపగలదు. గుండె ఆపరేషను తరువాత రొమ్ముటెముక చీము పట్టినపుడు ఇదే కండరమును రొమ్ముటెముక దిక్కు నాళములపై బోర్లించి కప్పుదురు. ఆ ప్రక్క అంతర్వక్షోధమనిని బైపాసునకు వాడియున్నచో మాత్రము ఆ దారి మూసికొనిపోవును.

శస్త్రవైద్యుడు కత్తి పట్టక మునుపు పెన్ను పట్టును. భుజపు కొననుండి రొమ్ముటెముక అడుగు కొనవరకు ఒక గీత. కంటెయెముక నడిమి నుండి దానిని తాకునట్లు మరియొకటి. ధమని ఈ రెండవ గీత వెంట దిగి, మొదటి గీతను కలిసి, దానితోడనే క్రిందికి పోవును. చనుమొనకు లోప్రక్కన, దిగువగా, కావలసినంత చర్మమును గీసికొని, కండరమును అడుగునుండి లేపునపుడు ఆ ధమని కొట్టుకొనుట కంటికి కనబడును. ఆపై మెడచర్మము క్రింద దారి చేసి, కంటెయెముక మీదుగా చెక్కిలికి చేర్తురు. రొమ్మునందలి గాయమును సామాన్యముగా అక్కడికక్కడే కుట్టివేయవచ్చును. తరువాతి పని వార్డులో నర్సుది. ఊపిరికై గొంతులో పెట్టిన గొట్టపు నాడాను మెడచుట్టు బిగించి కట్టినచో, క్రింద పోవు కండరపు తొడిమ నలిగి, అంత పనియు పాడగును.

దోషములు లేవనను. అతికిన కండరపు ముద్ద లావుగా నుండును. స్త్రీలకు స్తనము ఒక ప్రక్కకు లాగబడును. కొన్నిసార్లు చివరి చర్మము నల్లబడి ఊడిపోవును. మగరోగికి చెక్కిలి లోపల రొమ్మువెండ్రుకలు మొలచుట వినుటకు వేడుకగా నుండును గాని, అన్నము తినువానికి కాదు. ముంజేతి చర్మమునో, కాలిలోని సన్నయెముకనో పూర్తిగా తెంచి తెచ్చి, సూక్ష్మదర్శిని క్రింద నాళమునకు నాళము కుట్టు నేటి పద్ధతి ఇంతకంటె సుందరమైనదే. దవడయెముక పోయినవానికి అదియే మేలు. అంతమాత్రమున రొమ్ముకండరపు పద్ధతిని పాతబడినదని చిన్నచూపు చూచుట నాకు సమ్మతము కాదు. దీనికి సూక్ష్మదర్శిని అక్కరలేదు, గంటలు తక్కువ పట్టును, మెడలోని పెద్ద ధమనిపై మాంసపు కవచమును కప్పును. మన జిల్లాలకు కావలసినది ఇట్టి పనియే.

స్టేషన్ ఘన్‌పూర్ నుండి హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైన. వరంగల్లు అందులో సగము దూరమైన లేదు. అయినను క్యాన్సరనగానే జనులు 1955లో వెలసిన ఎం.ఎన్.జె. ఆసుపత్రి పేరు చెప్పుకొని రాజధానికి పయనము కట్టుదురు. 2007లో పుట్టిన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలైనది. ఆపరేషను ఖర్చును అది భరించును గాని, వెంట వచ్చిన కొడుకు కోల్పోవు కూలిని ఎవరు భరింతురు? స్టేషన్ ఘన్‌పూర్ నియోజకవర్గపు నాటి శాసనసభ్యుడు, స్వయముగా వైద్యుడు, తాటికొండ రాజయ్య 2014లో తెలంగాణ తొలి ఆరోగ్యమంత్రి అయ్యెను. మహబూబాబాదునకు 2022లోను, జనగామకును భూపాలపల్లికిని 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. కాకతీయ వైద్యకళాశాల 1959 నాటిది. భవనములకు కొదువ లేదు.

ప్రభుత్వమును కోరునది ఒక్కటే: వరంగల్లులో వారమునకొక దినము నోటి క్యాన్సరు శస్త్రచికిత్సకును, అదే బల్లపై రొమ్ముకండరపు పూడికకును కేటాయింపుడు, మూడు జిల్లాల కళాశాలలనుండి యువవైద్యులను, వారితోపాటు వార్డు నర్సులను గూడ, ఆ దినమున అక్కడికి పంపుడు.