వైద్యుడు లేని చోట యంత్రం

వైద్యుడు లేనంత మాత్రాన వ్యాధి ఊరి పొలిమేరలో ఆగిపోదు. ఈ సత్యాన్ని గుర్తించి, మెక్సికో పర్వత గ్రామాలలో పనిచేసిన డేవిడ్ వెర్నర్ సామాన్యులకు అర్థమయ్యే రీతిలో ఒక వైద్య గ్రంథాన్ని రచించాడు. 1977లో ఆంగ్లంలో వెలువడిన ఆ గ్రంథమే, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా ‘వైద్యుడు లేని చోట’ అనే పేరుతో తెలుగువారికి అందింది. ఇంటివద్ద ఏమి చేయవచ్చునో చెప్పడంతోబాటు, ఏ లక్షణం కనిపిస్తే రోగిని వెంటనే వైద్యుని వద్దకు చేర్చాలో కూడ అది చెప్పింది. తన హద్దు తెలిసిన గ్రంథం అది.

నేడు ఆ గ్రంథం చేసే పనికి ఒక యంత్రం సిద్ధమవుతున్నది. ఇంటర్నెట్ సంబంధం లేకుండా, లాప్‌టాప్‌లోనో సెల్‌ఫోనులోనో ఇమిడి, అడిగిన వైద్య ప్రశ్నకు మామూలు మాటలలో సమాధానం చెప్పే కృత్రిమ మేధ అది. కొండ ఎక్కిన నర్సుకు, నడిసముద్రంలో ఓడపై చికిత్స బాధ్యత వహించే ఉద్యోగికి, యుద్ధభూమిలోని వైద్య సహాయకునికి దీని ఉపయోగం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇది ఎట్లు సాధ్యమైనదో విద్యార్థులు తెలుసుకోదగినది. ఇట్టి మోడల్‌లో నేర్చుకున్నదంతా సంఖ్యల రూపంలో నిక్షిప్తమై ఉంటుంది. 400 కోట్ల సంఖ్యలను, ఒక్కొక్కటి రెండు బైట్ల చొప్పున దాచితే 8 గిగాబైట్ల చోటు కావాలి. సూక్ష్మతను కొంత తగ్గించి అర బైటులో ఇమిడిస్తే సుమారు 2 గిగాబైట్లు చాలును. గూగుల్ సంస్థ 2025లో విడుదల చేసిన ‘మెడ్‌జెమ్మా’లో చిన్న మోడల్ ఈ పరిమాణం గలదే. అంతకుముందు 2023లో స్విట్జర్లండులోని లోజాన్ నగరపు సాంకేతిక విద్యాలయ పరిశోధకులు ‘మెడిట్రాన్’ను రూపొందించారు. దాని శిక్షణకు వాడిన గ్రంథాలలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ వైద్య మార్గదర్శకాలు కూడ ఉన్నవి. ఇట్టి మోడల్‌ను స్వంత పరికరంలోనే నడిపితే రోగి వివరాలు ఆ పరికరం దాటి పోనక్కరలేదు.

అయితే చిక్కు ఒకటున్నది. నగరపు ఆసుపత్రిలో యంత్రం తప్పు చెబితే సరిదిద్దడానికి పెద్ద డాక్టరు ఉంటాడు. కొండమీద ఎవరున్నారు? ఏ చోట యంత్రం అవసరం అధికమో, ఆ చోటనే దాని మాటను పరీక్షించగలవారు తక్కువ. పైగా అది తెలియని విషయాన్ని కూడ తెలిసినట్లే, అదే ధీమాతో చెప్పగలదు. మందు మోతాదులో దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే ఔషధమే విషమవుతుంది.

రెండవ ప్రమాదం కాలం వల్ల కలిగేది. తీవ్రమైన మలేరియాకు చిరకాలం క్వినైనే శరణ్యంగా ఉండేది. ఆఫ్రికాలోని 9 దేశాలలో 5,425 మంది పిల్లలపై జరిగి, 2010లో ప్రకటితమైన పరిశోధనలో క్వినైన్ పొందినవారిలో నూటికి 10.9 మంది, ఆర్టిసునేట్ పొందినవారిలో 8.5 మంది మరణించినట్లు తేలింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు కూడ ఆర్టిసునేట్‌నే సిఫారసు చేసింది. రేపు ఇట్టి మార్పే మరొకటి వస్తే, బయటి ప్రపంచంతో సంబంధం లేని యంత్రం నిన్నటి వైద్యాన్నే బోధిస్తూ ఉంటుంది.

వీటికి విరుగుడు కొంత లేకపోలేదు. పరికరంలో భద్రపరచిన ప్రామాణిక గ్రంథంలో తగిన పుటను వెదకి, దాని ఆధారంగా సమాధానం చెప్పి, ఆ పుటను కూడ ఎదుట ఉంచే పద్ధతి ఉన్నది. ఆరోగ్య కార్యకర్త ఆ మాటను మూలంతో సరిచూచుకోవచ్చును. వైద్యం మారినప్పుడు, పట్నం వెళ్ళిన రోజున ఆ గ్రంథాన్ని మార్చుకొని రావచ్చును. కాని సరిచూచే అలవాటు మనిషికి ఉండాలి. యంత్రంపై అతి విశ్వాసం వల్ల, మామూలుగా పట్టుకోగలిగిన తప్పులు కూడ దృష్టి తప్పిపోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జనవరిలో హెచ్చరించింది.

పరీక్షలో తెలియని ప్రశ్నకు ఏదో ఒకటి వ్రాసిన విద్యార్థికి ఒకటి రెండు మార్కులు దక్కవచ్చును. రోగి మంచం వద్ద అట్టి సమాధానానికి మూల్యం ప్రాణం. ‘నాకు తెలియదు, ఆసుపత్రికి తీసుకొనిపొండి’ అని చెప్పగలగడమే ఈ యంత్రానికి అసలైన పరీక్ష. అది ఆ మాట చెప్పిన నాడు రోగిని చేర్చడానికి దారి, ఎక్కించడానికి వాహనం, చేరిన చోట వైద్యుడు ఉండాలి. ఆ మూడింటిని సమకూర్చవలసిన బాధ్యత నుండి ఏ యంత్రమూ ప్రభుత్వాలను విముక్తి చేయజాలదు.