సిద్ధయ్యను మరిచి నందిని కొలుస్తున్నారు

నంద్యాల జిల్లా బనగానపల్లెకు వెళ్తే చింతమాను మఠం చూపిస్తారు. పోతులూరి వీరబ్రహ్మం రాసిన జోస్యాల గ్రంథం, కాలజ్ఞానం తాటాకులను ఆ చింతచెట్టు కిందే పాతిపెట్టారని కథ. గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కూర్చుని రాశాడంటారు. సంప్రదాయం చెప్పే లెక్కలో ఆయన 1608లో పుట్టి 1693లో జీవసమాధి అయ్యాడు.

అదే శతాబ్దంలో, సముద్రాల అవతల మసాచుసెట్స్‌లో ప్యూరిటన్ పెద్దలదే రాజ్యం. పాస్టర్లను తప్పుపట్టినందుకు ఆన్ హచిన్సన్‌ను 1637లో విచారణకు నిలబెట్టారు. దేవుడే తనకు నేరుగా తెలియజేశాడని ఆమె అంది. ఆ మాటే కొంప ముంచింది, వెలివేశారు. క్వేకర్ మతస్థురాలు మేరీ డయర్‌ను 1660లో బోస్టన్‌లో ఉరితీశారు.

దేవుడి మాట విన్నానంటే అక్కడ వెలి, ఇక్కడ గుడి. మన సహనం గొప్పదని మురిసిపోయే ముందు, గుడి కట్టి ఏం దాచేశామో చూడాలి.

వీరబ్రహ్మం కథల్లో అసలు సరుకు జోస్యం కాదు. విశ్వబ్రాహ్మణుల ఇంట పెరిగినవాడు గురుపీఠం మీద కూర్చున్నాడు. దూదేకుల సిద్ధయ్యను ముఖ్య శిష్యుణ్ణి చేసుకున్నాడు, మాదిగ కక్కయ్యను దగ్గరికి తీశాడు. సిద్ధయ్య కన్నవాళ్లు నవాబుకు ఫిర్యాదు చేశారనీ, పుష్పగిరి అగ్రహారీకులు పల్లకీకి అడ్డం పడ్డారనీ భక్తుల కథలే ఒప్పుకుంటాయి. నవాబు ఎదుట సిద్ధయ్య బండను పగలగొట్టాడన్న ముక్కను తీసేయండి. మిగిలిన గొడవ మాత్రం నమ్మబుద్ధేస్తుంది. కులం గీత దాటినవాడికి ఏమవుతుందో తెలిసిన జనం అల్లిన కథ అది.

ఇప్పుడు ఆ గొడవ ఎవరికీ పట్టదు. ఇందిరా గాంధీ గద్దెనెక్కాక, ఆమె గురించే చెప్పాడంటూ కాలజ్ఞానంలో ఒక పద్యం దొరికింది. 2020లో కరోనా వచ్చాక ఇంకోటి ఫోన్లలో తిరిగింది. 2019లో ఆ పద్యం చదివి మాస్కు కొనుక్కున్నవాళ్లుంటే చెప్పాలి!

బనగానపల్లె పక్కనే యాగంటి. కలియుగాంతాన అక్కడి గుడిలోని రాతి బసవన్న లేచి రంకె వేస్తాడని కాలజ్ఞానం చెబుతుందట. అందుకే నంది ఇరవై ఏళ్లకో అంగుళం పెరుగుతోందని, ప్రదక్షిణకు చోటు చాలక ఒక స్తంభం తీసేశారని చెబుతారు. కొలిచిందెవరు, ఏ ఏట, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, మళ్లీ అదే చోట టేపు పెట్టిందెప్పుడు? ఇవి అడగడానికి భూగర్భశాస్త్రం చదవక్కర్లేదు. ఆళ్లగడ్డ రోడ్డు పక్క విగ్రహాలు చెక్కేచోట కాసేపు నిలబడినా చాలు. ఉలి పడ్డ రాయి తరుగుతుందే గానీ పెరగదని అక్కడి పిల్లలకూ తెలుసు.

సమాధికి ముందు గురువు సిద్ధయ్యకు దండం, కమండలం, పాదుకలు ఇచ్చాడని కథ. పీఠం మాత్రం కొడుక్కే దక్కింది. అప్పట్నుంచి ఆయన సమాధి ఉన్న కందిమల్లాయపల్లె మఠం ఆ వంశంలోనే నడిచింది. 2021లో మఠాధిపతి కన్నుమూయగానే కుటుంబంలో వారసత్వ తగాదా హైకోర్టుకెక్కింది. కాలజ్ఞానం తిరగేసి తీర్పు చెప్పమని న్యాయమూర్తినెవరూ అడగలేదు.