అల్జీమర్స్ జన్యు పరీక్ష: ఎవరి లెక్క ఎవరికి?

ఉమ్మి శాంపిల్ ఇస్తే చాలు, రాబోయే జబ్బులేమిటో చెబుతామనే జన్యు పరీక్షలు ఇప్పుడు మన నగరాల్లోనూ దొరుకుతున్నాయి. ‘మీకు ఏపీఓఈ-4 ఉంది, అల్జీమర్స్ ముప్పు ఇన్ని రెట్లు’ అని రిపోర్టు వస్తే ఏ ఇంట్లోనైనా కంటి మీద కునుకుండదు. ఆ రెట్లు ఎవరిని పరీక్షించి కట్టిన లెక్కో మాత్రం చాలామంది అడగరు. అడగాలి.

ఏపీఓఈ అనేది రక్తంలో, మెదడులో కొవ్వును చేరవేసే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువు. ఇందులో 2, 3, 4 అని మూడు ప్రధాన రకాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఏపీఓఈ-4 అనే నాలుగో రకానికీ అల్జీమర్స్‌కూ ఉన్న సంబంధాన్ని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బయటపెట్టారు. 1997లో 40 పరిశోధక బృందాల సమాచారాన్ని ఒకచోట చేర్చి చూస్తే అసలు తేడా కనిపించింది. ఇద్దరి నుంచీ నాలుగో రకమే వచ్చినవారికి ముప్పు తెల్లజాతీయుల్లో దాదాపు 15 రెట్లు, జపనీయుల్లో 33 రెట్లు, ఆఫ్రికన్ అమెరికన్లలో ఆరు రెట్ల లోపే.

ఏ జన్యువూ ఒంటరిగా పనిచేయదు. ఏపీఓఈ చుట్టూ ఉన్న డీఎన్‌ఏ ఆఫ్రికా మూలాలదైతే నాలుగో రకం తీవ్రత తగ్గుతోందని తర్వాతి పరిశోధనలు సూచించాయి. మరోవైపు ఏబీసీఏ7 అనే ఇంకో జన్యువులోని మార్పులు ఆఫ్రికన్ అమెరికన్లకు ఎక్కువ ముప్పు తెస్తున్నాయని 2013లో తేలింది. చదువు, బీపీ, షుగర్ ప్రభావం వీటికి అదనం.

మరి మన సంగతి? హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో జరిగిన ఇండో-అమెరికన్ అధ్యయనంలో నాలుగో రకం వాటా 7 శాతం. పోల్చి చూసిన పెన్సిల్వేనియా ప్రాంతంలో 11 శాతం. కానీ హర్యానా లెక్కను తెలుగువారికి అంటగట్టడమూ తప్పే. తరతరాలుగా సొంత కులంలోనే పెళ్లిళ్లు జరిగే సమాజం మనది. ఉదాహరణకు, ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ వేళ ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే కండరాలను సడలించే మందు ప్రమాదకరమవుతుంది. ఆ మందును విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ జన్యులోపం వల్ల వారిలో సరిగా ఉండదు. ఒకే ఊళ్లో, పక్క పక్క వీధుల్లోనే ఇంత తేడా ఉన్నప్పుడు ఎక్కడో యూరప్‌లో కట్టిన లెక్క మనకు ఎలా సరిపోతుంది?

దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి అల్జీమర్స్ సహా ఏదో ఒక రకం డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని 2023లో వచ్చిన అంచనా. ఇంత భారం మోస్తూ అరువు లెక్కలతో సరిపెట్టుకోలేం. తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో, 45 ఏళ్లు దాటినవారి జ్ఞాపకశక్తిని, రక్తాన్ని, మెదడు స్కాన్లను బెంగళూరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలిస్తున్నారు. అలాంటి అధ్యయనం శ్రీకాకుళంలోనూ ఆదిలాబాద్‌లోనూ జరగాలి. నిమ్స్, సీసీఎంబీ వంటి సంస్థలున్న హైదరాబాద్‌కు ఆ సత్తా ఉంది. రెండు తెలుగు ప్రభుత్వాలూ నిధులివ్వాలి. ఈలోగా జన్యు పరీక్షలు అమ్మే ప్రతి సంస్థా తన ముప్పు లెక్క ఏ జనాభా మీద కట్టిందో రిపోర్టు మొదటి పేజీలోనే తెలుగులో రాయాలన్న నిబంధన తేవాలి.