నిదానమే ప్రధానం



తెలుగు పండితుడికి కారు ఇంజనుతో పనియేమి అని మీలో కొందరు నవ్వుకోవచ్చును. ముప్పై యేళ్ళకు పైగా సంధులూ సమాసాలూ చెప్పిన నోటితో రేడియేటరు సంగతి చెప్పవలసి రావడం నాకూ వింతగానే ఉన్నది. కాని మూడు నెలలపాటు నేను చేసిన పొరపాటు చిన్నది కాదు. పదిమందికీ చెప్పదగినదే.

మా ఊరు శ్రీముఖలింగం. మా అప్పకు మూత్రపిండాలు పనిచేయవు. వారానికి రెండు మార్లు తెల్లవారుజామునే బయలుదేరి, నరసన్నపేట మీదుగా శ్రీకాకుళం తీసుకొనిపోయి డయాలసిస్ చేయించాలి. అందుకు నా పాత పెట్రోలు కారే ఆధారం. మొన్నటి కార్తికమాసం నుండి ఆ కారు ఉదయంపూట మొరాయించసాగింది. తాళం తిప్పగానే గడగడ వణికేది. కాలు కుంటిన ఎద్దులాగా నిమిషం సేపు నడిచి, తరువాత తానే సర్దుకొనేది. వెనుక గొట్టంలోనుండి తెల్లని పొగ వచ్చేది. వేడెక్కిన తరువాత ఏ లోపమూ కనబడేది కాదు.

షెడ్డులో బ్యాటరీ మార్చారు. తరువాత ప్లగ్గులు మార్చారు. ఆ తరువాత ఏదో సెన్సరన్నారు. మార్చినప్పుడల్లా రెండు రోజులు బాగున్నట్లే తోచేది. మరొకవైపు కూలెంటు డబ్బాలో మట్టం తగ్గుతూ ఉండేది. నేను బోరునీళ్ళు పోసి నింపుతూ ఉండేవాడిని. వణుకు ఒక జబ్బు, నీటి తరుగు వేరొక జబ్బు అని నా నమ్మకం.

ఒకనాడు నరసన్నపేట చేరకముందే వేడి చూపే సూది ఎర్రగీత దాటింది. అప్పను చెట్టు క్రింద కూర్చోబెట్టి, ఇంజను చల్లారేదాకా గంటసేపు నిలబడ్డాను. ఆమె రోజుకు ఎన్ని నీళ్ళు త్రాగవచ్చునో వైద్యులు కొలత చెప్పారు. ఆ లెక్క నేనే పుస్తకంలో వ్రాస్తూ ఉంటాను. ఆ పుస్తకం నా చేతిలో చూసి ఆమె అన్నది: "ఏటిరా తమ్ముడా, నా నీళ్ళకి లెక్క రాస్తన్నావు, కారు నీళ్ళకి లెక్క రాయవేటి?"

సిగ్గుపడ్డాను. 'నిదానము' అనే మాటకు సంస్కృతంలో మూలకారణమని అర్థం. రోగకారణాన్ని విచారించే గ్రంథానికి మాధవనిదానమని పేరు వచ్చింది అందుకే. తెలుగులో అదే మాటకు తొందర లేకపోవడమని అర్థం. ఈ రెండు అర్థాలనూ బడిలో ఎన్నో మార్లు చెప్పాను. రెండూ ఒకదానికొకటి అవసరమని మాత్రం ఆ చెట్టు క్రిందనే తెలిసింది.

మరునాటినుండి కారుకూ లెక్క మొదలుపెట్టాను. ప్రతి ఉదయమూ ఇంజను చల్లగా ఉండగా, కారు ఒకే చోట నిలిపి, డబ్బామీద గీత గీశాను. రాత్రి క్రింద అట్టముక్క పరచాను. గొట్టాల అతుకులూ, రేడియేటరూ, నీటిపంపు క్రింది సన్నని రంధ్రమూ చూశాను. కూలెంటు కారి ఎండితే అక్కడ రంగు చార మిగులుతుంది. ముందు సీటు క్రింది చాప తడిసి ఉంటే హీటరు భాగం కారుతున్నదని అనుమానించాలి. ఎక్కడా తడి లేదు. నీరు మాత్రం తగ్గుతూనే ఉన్నది. బయటికి పోని నీరు లోపలికి పోతున్నదన్నమాట.

ఆ పుస్తకం తీసుకొని శ్రీకాకుళంలో మరొక మెకానిక్కు వద్దకు వెళ్ళాను. అతడు ఏ సామానూ మార్చలేదు. చల్లని ఇంజనుకు చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి, రాత్రంతా ఉంచాడు. ఉదయానికి ఒత్తిడి పడిపోయింది. ప్లగ్గులు విప్పితే మూడింటికి మసిరంగు ఉన్నది. ఒకటి మాత్రం కడిగినట్లు తెల్లగా ఉన్నది. తరువాత రేడియేటరు మూతి దగ్గర ఒక నీలిద్రవం పెట్టి ఇంజను నడిపాడు. మంటవాయువు కూలెంటులో కలిస్తే ఆ ద్రవం పసుపురంగుకు తిరుగుతుంది. తిరిగింది. హెడ్డు గాస్కెట్టు పోయిందని అప్పుడు తేల్చాడు.

రెండు జబ్బులనుకున్నవి ఒక్కటే అయినాయి. ఇంజను ఆపిన తరువాత కూడా కొంతసేపు లోపల ఒత్తిడి నిలిచి ఉంటుంది. గాస్కెట్టు చెడిన చోట ఆ ఒత్తిడికి కూలెంటు ఒక సిలిండరులోకి ఊరుతుంది. తెల్లవారి ఆ సిలిండరు మండదు గనుక ఇంజను కుంటుతుంది. నీరు ఆవిరై పోయాక సర్దుకొంటుంది. నీరు ఎక్కువగా చేరితే లోపలి కడ్డీ వంగి ఇంజనే పాడు కావచ్చును.

అయితే తెల్లపొగ చూడగానే ఈ తీర్పు చెప్పరాదు. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. చలి ఉదయాన అది పొగగా కనబడడం సహజం. ఆయిలు మూతకు పట్టిన పాలనురుగు కూడా ఒక్కొక్కప్పుడు ఉత్త చెమ్మే. ఒక్క లక్షణంతో రోగం తేలదు.

గాస్కెట్టు ఎందుకు పోయిందన్న ప్రశ్న మిగిలింది. రేడియేటరు సగం పూడిపోయి ఉన్నది. మన సీమలో నీరు గడ్డకట్టదు గదా, కూలెంటు దండగ అని ఏళ్ళ తరబడి నేను పోసిన బోరునీటి ఉప్పూ, త్రుప్పూ అందులో పేరుకొన్నాయి. కూలెంటు గడ్డకట్టకుండా కాపాడడానికే కాదు, త్రుప్పు పట్టకుండానూ, త్వరగా మరగకుండానూ ఉండడానికి. మూలకారణం వెదుకుతూ పోతే చివరికి నేనే దొరికాను.

లక్షణాలు స్పష్టంగా లేని రోగాన్ని మందిచ్చి పరీక్షించవచ్చునని చరకుడు ఒప్పుకొన్నాడు. మనము మాత్రం ఆ చివరి ఉపాయాన్ని మొదటిదిగా చేసుకొన్నాము. ఇందులో మెకానిక్కులనే నిందించడం న్యాయం కాదు. రెండవ మెకానిక్కు పరీక్షకు డబ్బు అడిగినప్పుడు "చూడడానికే డబ్బా?" అన్నవాడిని నేను. అంతకు పూర్వం పనికిరాని సామానుకు అంతకు ఎన్నో రెట్లు మారుమాట లేకుండా ఇచ్చినవాడినీ నేనే. చేతికి వస్తువు వస్తేనే గాని మనకు విలువ కనబడదు. చూచే కన్నుకు మనం వెల కట్టనంతకాలం చూచేవారు తగ్గి, మార్చేవారే మిగులుతారు.

కనుక మిత్రులారా, కారు నీరు త్రాగుతున్నదని తోస్తే నింపి ఊరుకోకండి, లెక్క వ్రాయండి. వేడి ఇంజను మూత ఎన్నడూ విప్పకండి. కూలెంటు తీయగా ఉండే విషం. పిల్లలకూ పశువులకూ అందనీయకండి. పరీక్ష చేసినవానికి పరీక్ష కూలి సంతోషంగా ఇవ్వండి.

ఇప్పుడు ఒకే పుస్తకంలో ఒక ప్రక్క అప్ప నీళ్ళు, మరొక ప్రక్క కారు నీళ్ళు. రెండు నెలలుగా కారు గీత కదలలేదు. అప్ప లెక్క కూడా అంత సులభంగా తేలితే ఎంత బాగుండును!

స్వస్తి.