కువైటు ఎంత దూరం?

"కువైటు ఎంత దూరం? నాలుగున్నర గంటలే గదా!" మా కడప జిల్లాలో ఈ మాట సామెత స్థాయికి చేరింది. ఏజెంటు అంటాడు. సాగనంపే చుట్టం అంటాడు. ప్రయాణమయ్యే తల్లి సైతం, బిడ్డ ఏడుపు మాన్పడానికి, అదే అంటుంది. ఇది అసత్యం కాదు. అసత్యం కంటె ఎక్కువ హాని చేసే అర్ధసత్యం. కనుకనే ఖండింపదగినది.

ముందుగా లెక్క చూద్దాము. శంషాబాదు నుండి కువైటుకు ఆకాశమార్గాన సుమారు 3,370 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానానికి నాలుగున్నర నుండి ఐదు గంటలు పడుతుంది. అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనుక. అందువలన రాత్రి పదింటికి ఎక్కినవారు అక్కడి పన్నెండున్నరకే దిగినట్లు కనబడతారు. ఆ లాభాన్ని తిరుగు ప్రయాణం కచ్చితంగా వసూలు చేసుకొంటుంది.

అయితే మా కమలాపురం శంషాబాదులో లేదు, పాపఘ్ని తీరాన ఉన్నది. 2015లో రాకపోకలు మొదలైన కడప విమానాశ్రయం నుండి కువైటుకు విమానం లేదు. శంషాబాదుకు రాత్రంతా బస్సు ప్రయాణం. విమానానికి మూడు గంటలు ముందుగా చేరవలె. గడప నుండి గడపకు లెక్కిస్తే పూర్తిగా ఒక రోజు. ఇది ఓర్చుకోదగిన దూరమే. నా అభ్యంతరం దీనిపై కాదు.

మన పెద్దలు దూరాన్ని ఆమడలతో, పూటలతో కొలిచారు. "పూట దారి" అన్న మాటలో నడిచేవాని కాళ్ళున్నవి. పోవడానికి ఎంతో రావడానికీ అంతే. విమానపు గంటలలో ఆ సమత లేదు. ఇంటిపనికి పోయిన స్త్రీ ఒక్క రోజులో చేరుతుంది. తిరిగి రావాలంటే ఒప్పందం గడువు తీరాలి, యజమాని సెలవీయాలి, ఆయన బీరువాలోని పాస్‌పోర్టు బయటికి రావాలి. పనివారి పాస్‌పోర్టును వారి సమ్మతి లేక ఉంచుకోరాదని కువైటు 2015లో చేసిన 68వ నంబరు చట్టమే చెప్పుచున్నది. ఆ చట్టానికీ ఆ బీరువాకూ మధ్య దూరాన్ని ఏ టిక్కెట్టు మీదా అచ్చువేయరు.

నా వద్ద చదివిన ఒకామె తల్లి మరణవార్తను ఫోనులో నిమిషంలో విన్నది. ఇంటి గడప తొక్కేసరికి దినవారాలు ముగిసినవి. నాలుగున్నర గంటలు పదునాలుగు దినాలైనవి. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని పూర్వులు అన్నది నడక కాలంలో. ఎగిరే కాలంలోనూ ఆ సామెతకు పని తప్పలేదు.

"ఆ డబ్బుతోనే గదా అప్పులు తీరినవి, ఇండ్లు లేచినవి" అంటారు. నిజమే. వానలు మొగం చాటేసే సీమలో ఎవరినీ పోవద్దనే అధికారం నాకు లేదు. నేను కాదనేది ప్రయాణాన్ని కాదు, కొలతను. పదవ తరగతి ఉత్తీర్ణులు కాని ముప్పై ఏండ్లలోపు స్త్రీలు గల్ఫుకు ఇంటిపనికి పోరాదని మన ప్రభుత్వ నియమం. సందర్శన వీసా చేతబెట్టి ఆ నియమాన్ని దాటించే దళారికే ఈ నాలుగున్నర గంటల మాట మిక్కిలి ప్రీతిపాత్రం. దగ్గరే అనుకొన్నవారు ప్రశ్నలు అడగరు.

కనుక అడగండి. వీసా ఏ రకానిది? సెలవు ఎన్నాళ్ళకొకసారి? తిరుగు టిక్కెట్టు ఎవరిది? పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటుంది? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు వచ్చేవరకు కువైటు దగ్గర అని ఏ ఆడబిడ్డతోనూ అనకండి. ఇదే నా మనవి.